పదకొండు నెలల గోడ

ఇల్లు ఖాళీ అయిన మర్నాడు
తాళంచెవి నా చేతికొస్తుంది.
మనుషులు పోయినాక ఇండ్లు ఎట్లుంటాయో
ఓనర్లకంటే నాకే బాగా తెలుసు.

పొయ్యి వెనక నూనె మరక,
స్విచ్చుల చుట్టూ వేళ్ల నలుపు,
ఫ్యాను గాలికి క్యాలెండరు ఊగి ఊగి
గోడ మీద గీసిన వంకర చారిక.
పుట్టీ, గరుకు కాగితం, రెండు కోట్లు.
సాయంత్రానికి ఆ ఇంట్లో
ఎవరూ బతకలేదు.

త్యాగరాజనగర్‌లో మొదటిసారి చూసినా
తలుపు పక్కన పెన్సిల్ గీత.
‘ఇందుశ్రీ, మూడడుగుల రెండు.’
గీత కొంచెం వాలింది.
మునివేళ్ల మీద లేచిందేమో, దొంగది.
దాని మీద బ్రష్ పెట్టినా. అది నా పని.

వాళ్ల నాయన పేరు కోదండపాణి.
పోయేటోళ్లే రంగేయించి పోవాలని
అగ్రిమెంటులో ఉంటుంది కదా,
కూలి తక్కువని ప్రతిసారీ నన్నే పిలుస్తాడు.
గొంతు తెలుసు, మొహం తెలీదు.
‘అన్నా, మళ్లీ ఖాళీ చేస్తున్నాం’ అంటాడు
తప్పు తనదే అయినట్టు.

బొమ్మనహళ్లిలో మూడడుగుల ఐదు.
చందాపురలో మూడడుగుల ఎనిమిది.
పిల్ల పెరిగే కొద్దీ ఇల్లు కురచైంది,
హోసూరు రోడ్డు పొడుగైంది.
వంటగది మూలయింది, మూల తెరచాటైంది.
నాయన ఆఫీసు మాత్రం
మొదటి గీత దగ్గరే ఆగిపోయింది.
పిల్ల లేవకముందే బస్సెక్కుతాడంట,
పడుకున్నాక దిగుతాడంట.
చందాపుర గీత కింద చేతిరాత మారింది.
కన్నడ అక్షరాలు, ఎగుడుదిగుడుగా.
తన ఎత్తు తానే రాసుకుంది.

టు-లెట్ బోర్డు మీద ఒక్క మాటే ఉంటుంది.
మిగతావి ఫోన్లో వస్తాయి:
మీరేమిటోళ్లు, ఏం తింటారు,
ముసలోళ్లున్నారా, పది నెలల అడ్వాన్సుందా.

ఇండ్లు లేవంటారు. నన్నడగండి.
సర్జాపుర దిక్కు ఒక టవరుంది.
చెరువు మీద కట్టినారని
వానొచ్చినప్పుడల్లా బేస్‌మెంటుకు గుర్తొస్తుంది.
అందులో పద్నాలుగో అంతస్తు ఫ్లాటుకు
మూడేండ్లలో రెండుసార్లు రంగేసినా.
పాత రంగు మీద గీర లేదు, మరక లేదు,
కుళాయిలకు ఇంకా ప్లాస్టిక్ కవర్లే.
‘ఎవరుంటారు సార్?’ అంటే
‘ఉండేందుకు కాదప్పా, రేటు పెరిగేందుకు’ అన్నాడు మేనేజరు.
రేటొక్కటే కాపురముంటోంది ఆడ,
మూడు బెడ్‌రూముల్లో కాళ్లు చాపుకొని.

నాదా? మడకశిర నుంచొచ్చి పందొమ్మిదేండ్లు.
హొంగసంద్రలో ఒక్క రూముకు ఆరుగురం.
నైట్ డ్యూటీ ఈరప్ప లేచి పోతే
ఆ చాప నాది.
ఇంకా వెచ్చగానే ఉంటుంది.

అత్తిబెలెకు కొంచెం ముందే పోయినా.
టెంపో ఇంకా గేటు దగ్గరే ఉంది.
తలుపు పక్కన చూస్తే గీత లేదు.
మేకు కొట్టరాదు, గోడ మీద రాయరాదు అని
ఓనరు ముందే రాయించుకున్నాడంట.
బ్రష్ పట్టుకొని నిలబడినా
చెరిపేందుకేమీ లేక.

అప్పుడు నలుగురు కలిసి బీరువాను తిప్పినారు.
దాని వీపున, తుప్పు రేకు మీద,
మేకుతో గీకిన గీతలు నాలుగు.
త్యాగరాజనగరు. బొమ్మనహళ్లి. చందాపుర.
నేను పూసేసినవన్నీ
పోయే ముందే టేపు పెట్టి కొలుచుకొని
దాని మీదికి ఎక్కించుకున్నారు.
నాలుగోది ఈ పొద్దుటిదే,
గీకిన చోట రేకు ఇంకా మెరుస్తోంది.

పిల్ల నా డబ్బాల దిక్కు చూసింది.
‘రంగులాయన నువ్వేనా?’
ఔనన్నా.
‘దీనికెయ్యొద్దు’ అనింది.

టెంపో హోసూరు దిక్కు తిరిగింది.
తాళ్ల మధ్య వాళ్ల గోడ ఊగుతా పోయింది,
రాష్ట్రం దాటింది.

నేను లోపలికి పోయి
తెల్లగోడకు తెల్లరంగే వేసినా.
రెండు కోట్లు.
కూలి కూలే కదా.